అత్తిలిలో ఒక ‘త’ ఎక్కడికి పోయింది?

ఫాంట్ల మీద తెలుగులో వచ్చే వ్యాసాలు ఎక్కువగా పుస్తకం పేజీ గురించో, పెళ్లి శుభలేఖ గురించో ఉంటాయి. నేను చెప్పేది అంత అందమైన చోటు గురించి కాదు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే కనిపించే గళ్ల పట్టిక గురించి. తెలుగు అక్షరానికి అంతకన్నా ఇరుకైన ఇల్లు ఇంకోటి లేదు.

అత్తిలిలో మా ఇంట్లో ఉన్న పుస్తకాలకి ఒక జాబితా చేసుకున్నాను. రచయిత పేరు, పుస్తకం పేరు, కొన్న ఊరు. ఊళ్ల వరస చూస్తే ఏలూరు, తణుకు, భీమవరం నిక్షేపంగా ఉన్నాయి. అత్తిలి మాత్రం ‘అతిలి’ అయింది. తాడేపల్లిగూడెంలో ఒక ‘ల’ మాయం. గడి ఎత్తు ఇంగ్లీషు అక్షరానికి సరిపోయేట్టు పెట్టారు, కిందికి దిగిన వత్తు తెగిపోయింది.

లోపల ఏమీ పోలేదు. అత్తిలి అన్న మాట యూనికోడ్‌లో 7 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోటీ 3 బైట్లు, మొత్తం 21. ఆ 21 బైట్లూ భద్రంగానే ఉన్నాయి, తెర మీదే లేవు. ఇంజనీర్లం ఇక్కడే ‘డేటాకి ఢోకా లేదు కదా’ అని తేల్చేస్తాం. కానీ తెర చూసి కాగితం మీదికి ఎక్కించే మనిషి ఒకరుంటారు. వాళ్లు చూసిందే రాస్తారు. గడ్డికీ గడికీ, గుడ్డికీ గుడికీ మధ్య ఉన్నది ఒక్క వత్తే. ఇంటిపేర్లలో అయితే వత్తు పోతే వేరే కుటుంబమే అవుతుంది. చూపులో మొదలైన తప్పు అలా దస్తావేజులోకి చేరుతుంది. ఆ తర్వాత ఎవరు ఎంత వెతికినా ఆ పేరు దొరకదు.

అందుకే డిఫాల్ట్ ఫాంటు ఎంచుకోవడం అలంకారం కాదు, పాఠ పరిష్కరణలో భాగం అంటాను. డీటీపీ రోజుల్లో అను లాంటి ఫాంట్లతో ఇంకో బాధ ఉండేది. అక్కడ ఫాంటు మారిస్తే అక్షరమే మారి, పిచ్చిగీతలు వచ్చేవి. యూనికోడ్ ఆ ముడి విప్పింది. ఇప్పుడు ఫాంటు ఎన్నిసార్లు మార్చినా రాత చెక్కుచెదరదు, కాబట్టి మార్చడానికి భయపడక్కర్లేదు. యాక్సెస్‌లో ఆప్షన్స్‌కి వెళ్తే డేటాషీట్ దగ్గర డిఫాల్ట్ ఫాంటూ సైజూ మార్చవచ్చు, వరస ఎత్తు మాత్రం విడిగా పెంచాలి. లిబ్రేఆఫీస్‌లో తెలుగు ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ కింద వస్తుంది. దాని ఫాంటు వేరు, ఇంగ్లీషుది వేరు. ఇది తెలియక చాలామంది ఇంగ్లీషు ఫాంటు మార్చి, తెలుగు మారలేదేమని చూస్తుంటారు.

మరి ఏ ఫాంటు? నా పరీక్ష ఒకటే: శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. ఆ పేరులో సంయుక్తాక్షరాలు అయిదు, చివరిదాంట్లో రెండు వత్తులు. చలం ఏ ఫాంటులోనైనా చలమే. శ్రీపాద వారి దగ్గరికొచ్చేసరికే ఫాంటు అసలు రంగు బయటపడుతుంది.

విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి గీత నా కంటికి మరీ సన్నం. చిన్న సైజులో వత్తు ఉందో లేదో పోల్చుకోవాలి. విండోస్ 8తో వచ్చిన నిర్మల యూఐ అందగత్తె కాదు గానీ గడిలో ఒద్దికగా కూర్చుంటుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లలో పోతన చదువుకోడానికి హాయి. పట్టికకి మాత్రం గీత ఒకే మందంగా సాగే వేమనే నయం. రామభద్ర శీర్షికల కోసం పుట్టింది, దాన్ని గడిలో కుక్కితే దాని తప్పు కాదు.

అయినా మంచి ఫాంటు ఒక్కటే చాలదు. గడి ఎత్తు ఇవ్వని చోట ఎంత గొప్ప ఫాంటైనా కాళ్లు ముడుచుకోవాల్సిందే. తెలుగు పక్కకే కాదు, కిందికీ రాస్తాం. గుడి పైన, వత్తు కింద ఉన్న ‘త్తి’ ఆ రెండు వైపులా చోటడుగుతుంది. సాఫ్ట్‌వేర్ రాసే మావాళ్లు ‘తెలుగు సపోర్ట్ ఉంది’ అని రాసుకునే ముందు ఒక్కసారి ‘శాస్త్రి’ అని కొట్టి చూడాలి. అందులో తకారం, రకారం రెండూ కనబడితేనే ఆ మాట నిజం.