పై లెవెల్‌కు తొందరెందుకు?

డిజిటల్ శిల్పం కొత్తగా నేర్చుకునేవాళ్ల ధ్యాసంతా ముడతల మీదే ఉంటుంది. దవడ ఎముక కుదరకముందే చర్మరంధ్రాలు చెక్కుతుంటారు. జీబ్రష్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, డీ కలిపి నొక్కితే చాలు, మెష్ (చిన్న పలకలతో అల్లిన రూపం) ఒక లెవెల్ పైకెళుతుంది. అంత సులువు కావడమే అసలు చిక్కు.

ఒక్కో లెవెల్‌కు ప్రతి పలకా నాలుగవుతుంది. 1,500 పలకల తల రెండో లెవెల్లో 6,000, మూడో లెవెల్లో 24,000. ఏడో లెవెల్‌కు 61,44,000! అన్ని పలకలున్న చెంపను చిన్న బ్రష్‌తో కదిపితే చెంప కదలదు, గడ్డలు లేస్తాయి. కింది లెవెల్లో ఒక్క బిందువును లాగితే చెంప మొత్తం వస్తుంది.

ఈ విభజనకు బాగా పేరున్న పద్ధతిని ఎడ్విన్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రకటించారు. అది పలకను కోసి ఊరుకోదు, బిందువులను చుట్టుపక్కలవాటి సగటు వైపు జరుపుతుంది. అందుకే మూలలు నునుపెక్కుతాయి. పిక్సార్ 1997లో తీసిన ‘గెరీస్ గేమ్’లో తనతో తానే చదరంగం ఆడే ముసలాయన తల, చేతులు, కోటు ఇలాంటి ఉపరితలాలే.

అయితే శిల్పికి నునుపు కన్నా విలువైనది వెనక్కి దిగే వీలు. ఆళ్లగడ్డ శిల్పి రాతిపై నగలు చెక్కాక నడుము వంపు మార్చలేడు. ఇక్కడ మార్చవచ్చు. పై లెవెల్లో చెక్కిన ముడతను సాఫ్ట్‌వేర్ కింది ఉపరితలం నుంచి ఎంత ఎత్తు, ఎంత లోతు అన్న తేడాగా దాచుకుంటుంది. ఒకటో లెవెల్‌కు దిగి దవడ వెడల్పు చేసి మళ్లీ పైకెళ్తే ముడతలు కొత్త దవడ మీదే ఉంటాయి. దర్శకుడు ఆఖరి వారంలో ముక్కు మార్చమన్నా కంగారుండదు (మార్చమంటాడు, అనుమానం లేదు). వీడియో ఆటల్లోనూ ఇంతే: తేలికైన కింది లెవెల్ ఆటలోకి వెళుతుంది, పై లెవెల్ వివరాలను నార్మల్ మ్యాప్‌గా (ఎత్తుపల్లాల భ్రమ కలిగించే చిత్రంగా) దానికి అద్దుతారు.

దీనికీ హద్దుంది. భుజం నుంచి కొత్త చెయ్యి లాగితే పలకలు సాగిపోతాయి, అక్కడ ఎన్ని లెవెల్స్ పెంచినా వివరం సరిగా పట్టదు. అప్పుడు జీరీమెషర్‌తో కొత్త మెష్ అల్లించి, లెవెల్స్ పెంచుకుంటూ పాత వివరాలను దాని మీదికి ప్రొజెక్ట్ చేయాలి. రూపం ఇంకా వెతుక్కుంటుంటే లెవెల్స్ జోలికే పోకుండా, మెష్‌ను సమంగా మళ్లీ అల్లే డైనామెష్‌లో పనిచేయడం మేలు. రూపం ఖాయమయ్యాక మాత్రం లెవెల్స్‌ను మించింది లేదని నా అభిప్రాయం.

మూడో లెవెల్లో పక్కనుంచి చూసినా మనిషిని పోల్చుకునేలా లేకపోతే నాలుగుకు వెళ్లకండి. డబ్బు పెట్టనక్కర్లేని బ్లెండర్‌లో సాధన చేసేవాళ్లు మల్టీరిజల్యూషన్ మాడిఫయర్‌లోనే సబ్‌డివైడ్ చేయండి. ఎడిట్ మోడ్‌లో చేస్తే దిగడానికి కింద లెవెల్ మిగలదు.