పాచికలు వేసి తలచుకుంటారు

2008 మార్చి 4న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊళ్లో ఆటల రూపకర్త గ్యారీ గైగాక్స్ కన్నుమూశారు. అంత్యక్రియలయ్యాక బంధుమిత్రులు అక్కడి అమెరికన్ లీజియన్ హాల్లో చేరి, బల్లల చుట్టూ కూర్చుని ఆట మొదలెట్టారు. మరుసటేడు మార్చిలో మళ్లీ కలిశారు. దానికి ‘గ్యారీ కాన్’ అని పేరుపెట్టి ఏటా జరుపుతున్నారు. మన నాటకాల వాళ్లు పోయిన నటుడి వర్ధంతికి ఫొటోకు దండేసి, రాత్రికి నాటకం వేస్తారే, ఆ పద్ధతే ఇది. ఉపన్యాసాలు తక్కువ, అదొక సుఖం.

డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను తెచ్చింది గైగాక్సే. అంతకుముందు బీమా కంపెనీలో పనిచేశారు. ఆ ఉద్యోగం పోయాక బూట్లు బాగుచేసి సంసారం నెట్టుకొచ్చారు. చరిత్ర, అందులోనూ మధ్యయుగపు ఐరోపా, ఆయనకు ప్రాణం. పొడవాటి కర్రకు కత్తో గొడ్డలో బిగించిన ఆయుధాల్లో ఎన్ని రకాలున్నాయో విడమరుస్తూ 1985 నాటి పుస్తకానికి ఏకంగా ఒక అనుబంధమే చేర్చారు. ఆటగాళ్లు అడిగారని కాదు, ఆయన ఉండబట్టలేక!

ఆట పుట్టుక కూడా ఆ పిచ్చిలోంచే. 1970 ప్రాంతంలో ఆయన మిత్రబృందం ‘కాజిల్ అండ్ క్రూసేడ్ సొసైటీ’ పెట్టుకుంది. సభ్యుల్లో రాజులు, బారన్లు, నైట్లు ఉండేవారు. ఊహా రాజ్యపు పటం గీసుకుని భూములు పంచుకున్నారు. ఉత్తరాన బ్లాక్‌మూర్ ఆర్నెసన్‌ వాటా. 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి గైగాక్స్ ‘చెయిన్‌మెయిల్’ రాశారు. బొమ్మ సైనికులతో మధ్యయుగపు యుద్ధం నడిపే నియమాలవి. అందులో పెద్ద యుద్ధాలకైతే ఒక్కో బొమ్మ ఇరవై మందితో సమానం. ఆర్నెసన్ ఆటగాళ్లను కోట కింది సొరంగాల్లోకి దింపి, ఒక్కో ఆటగాడికి ఒకే మనిషి అన్నాడు. సైన్యాన్ని నడిపే ఆట కాస్తా మనిషిగా బతికే ఆట అయింది.

ఆడే తీరు చూద్దాం. బలం, తెలివి వంటి ఆరు గుణాలకు తొలి నియమాల్లో మూడేసి పాచికలు వేసేవారు. 3 నుంచి 18 దాకా ఎంతైనా పడొచ్చు, కానీ ఎక్కువగా పడేవి పదీ పదకొండే. అంటే మామూలు మనిషిగా బయల్దేరాలి. ఆట నడిపే ‘డంజియన్ మాస్టర్’ చోటును వర్ణిస్తాడు. ‘తలుపుకు చెవి ఆనించి వింటాను’ అంటాడు ఆటగాడు. ఏం వినబడిందో చెప్పేది మాస్టరే. తొలి ముద్రణలో వచ్చినవి మూడు చిన్న పుస్తకాలు, వెయ్యి ప్రతులు. వాటిలో లేని సంగతులే ఎక్కువ, కాబట్టి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. అందుకే ఇలాంటి మనిషిని తలచుకోవడానికి ఆయన ఆటను మళ్లీ ఆడటాన్ని మించిన దారి నాకు కనబడదు.

గైగాక్స్ కూడా తనవాళ్లను ఆటలోనే దాచుకున్నారు. చిన్ననాటి స్నేహితుడు, ఆటను ప్రచురించిన కంపెనీలో భాగస్వామి డాన్ కే 1975 జనవరిలో గుండెపోటుతో పోయాడు. డాన్ ఆడిన మంత్రగాడు ముర్లిండ్‌ను గైగాక్స్ తర్వాత తన ఊహాలోకంలో దైవాంశ గల వీరుణ్ని చేశారు. డాన్‌కు కౌబాయ్ కథలంటే ఇష్టం కనుక, కత్తుల లోకంలో ఆ ఒక్కడి నడుముకు రివాల్వర్లు వేలాడుతుంటాయి! కొడుకు ల్యూక్ ఆడిన పాత్ర మెల్ఫ్ పేరు ఒక మంత్రానికి పెట్టారు. ఆ మంత్రం ఈనాటికీ ఆట పుస్తకంలో ఉంది. గ్యారీ కాన్ నడిపేది ఆ ల్యూకే.

ఇలాంటి ఆటగాడు పోయిన ఇంట్లో పాచికల సంచీ, పెన్సిల్ గీతలతో నిండిన పాత్రల కాగితాలు, సొరంగాల పటాలు మిగులుతాయి. పాత్ర కాగితాన్ని ఇంటివాళ్లు ఉంచుకోవచ్చు. పటాలు మాత్రం ఆట నడపగలవాడికి ఇవ్వాలి. పోయినవాడి పాత్రను ఆ లోకంలో ఏ సత్రం యజమానిగానో నిలపమని అడగాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ఆ సత్రంలో బేరమాడతారు, అప్పుపెట్టి పారిపోతారు కూడా. ఆ పాచికలను అద్దాల బీరువాలో పెడతానంటే మాత్రం నేనొప్పుకోను.