కింద కూర్చున్నవాళ్ల మైకు

పోయిన వారం జహీరాబాద్‌లో ఒక ఉచిత కార్యక్రమానికి వెళ్లి, గంట తిరక్కుండానే లేచి వచ్చేశాను. కరపత్రం మీద ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’ అని పెద్దక్షరాలతో అచ్చేశారు. లోపల ముందు రెండు వరసలూ తెల్లగుడ్డ కప్పిన సోఫాలు. వాటిలో కూర్చోవాల్సినవాళ్లు ఇంకా రాలేదు. పల్లెల నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చిన ఆడవాళ్లను ఒకసారి పక్కకు జరిపారు, ఇంకోసారి వెనక్కి పంపారు. చివరికి ఫ్యాను గాలి అందని మూల, సౌండు బాక్సు పక్కన నిలబెట్టారు. కార్యక్రమం పెట్టింది వాళ్ల కోసమేనట. పైసా అడగలేదన్న మాట నిజమే. కానీ ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి కూర్చునే చోటు కూడా లేనప్పుడు ఉచితమన్న మాట కరపత్రం మీద ఎందుకు?

ఈ కాలమ్ ఎప్పటినుంచో చదువుతున్నవాళ్లకు నా పట్టింపులు రెండూ తెలుసు. ఒకటి, వేదికంటే నాకు పడదు. శాలువాల మీద రాసినప్పుడూ, ముఖ్య అతిథి ఆలస్యం మీద రాసినప్పుడూ మీలో కొందరు కోప్పడ్డారు, చాలామంది ‘మా ఊళ్లోనూ ఇంతే’ అని ఉత్తరాలు రాశారు. రెండోది రేడియో. సభలో దొరకని సమానత్వం రేడియోలో దొరుకుతుందని వాదిస్తూ వచ్చాను. రేడియోకు ముందు వరస ఉండదు. పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్న మనిషికీ, వసారాలో కుర్చీ వేసుకున్న మనిషికీ గొంతు ఒక్కలాగే చేరుతుంది. ఆ రోజు ఇంటికొస్తూ దారి పొడుగునా ఇదే అనుకున్నాను. రేడియో ఉన్నచోట ఈ సభలెందుకు? అందులోనూ, పొరుగునే సంఘం రేడియో ఉన్న జహీరాబాద్‌కు?

ఆ రేడియో సంగతి మన వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఝరాసంగం మండలం మాచనూరులో ఉంది. 90.4 మెగాహెర్ట్జ్. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా, చుట్టూ పాతిక కిలోమీటర్ల మేర వినిపించేలా పెట్టుకున్న రేడియో. నడిపింది దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అన్న రెండు పేర్లు దేశమంతటా తెలిశాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు దాన్ని 2008 అక్టోబర్ 15న ప్రారంభించుకున్నారు. ఐక్యరాజ్యసమితి గ్రామీణ మహిళా దినాన్ని మొట్టమొదట జరిపింది కూడా ఆ రోజే. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు రాసిన న్యాయమూర్తి ఆయనే. ఒక పౌర సంస్థ ఆధ్వర్యంలో దేశంలో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో అది. ఇంత చరిత్ర పక్కూళ్లో పెట్టుకుని, జహీరాబాద్ హోటళ్లలో చాయ్ తాగుతూ మనం దాని పేరు ఎత్తేది ఎప్పుడో ఒకసారి.

రేడియోకు ముందు వరస ఉండదని రాశానా, ఆ మాట రాస్తుంటేనే మా నాన్న వాళ్ల ఊరి పంచాయితీ రేడియో గుర్తొచ్చింది. దాని గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు.

అప్పట్లో సర్కారు గ్రామ పంచాయితీలకు రేడియో సెట్లు ఇచ్చేది. మా ఊరి సెట్టును చెక్క అల్మారాలో పెట్టి తాళం వేసేవాళ్లు. తాళంచెవి ఒక్కరి మొలతాడుకే ఉండేది. పొద్దుగూకే వేళ ఆయన వచ్చి అల్మారా తెరిస్తే, కప్పు మీది లౌడ్‌స్పీకర్ గరగరమని గొంతు సవరించుకునేది. హైదరాబాద్ కేంద్రం నుంచి కార్మికుల కార్యక్రమం, అందులో చిన్నక్క, ఏకాంబరం పాత్రల మాటలు, ఆ తర్వాత వ్యవసాయం సంగతులు, బజారు ధరలు, వార్తలు. మేం పిల్లలం మెట్ల మీద కూర్చునేవాళ్లం. అరుగు మీద పటేళ్లు. అరుగు కింద కూలి పని, పశువుల పని చేసేవాళ్లు. ఆడవాళ్లు ఎదురింటి తలుపు చాటునో, కల్లాపి చల్లే వాకిట్లోనో పని చేసుకుంటూ వినాలి. వేపచెట్టు అవతల నిలబడి వినేది మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లు. చెట్టుకు ఇవతలికి రావద్దని ఎవరూ చెప్పేవారు కాదు. చెప్పాల్సిన అవసరమే పడేది కాదు. గొంతు అందరికీ ఒక్కలాగే చేరేది. అది అబద్ధం కాదు. కానీ తాళంచెవి ఒక్కడిది, స్టేషన్ మార్చే చెయ్యి ఒక్కడిది, చాలించి పొండి అనే మాటా ఒక్కడిదే.

ఒక సాయంత్రం రేడియోలో ఎవరో కొత్త రకం విత్తనం గురించి చెబుతున్నారు. ఎరువు ఎంత, నీళ్లు ఎన్ని తడులు, దిగుబడి ఎంత అని. వేపచెట్టు అవతల నుంచి మా చేన్లో కలుపు తీయడానికి వచ్చే పెద్దామె ఉన్నట్టుండి గొంతెత్తి, “అయ్యా, మా గుంటెడు చెల్కకు నీళ్లెక్కడివి?” అని అడిగింది. ఆమె అడిగింది రేడియోలోని మనిషిని. అరుగు మీదివాళ్లు పగలబడి నవ్వారు. రేడియో తన మాట తాను చెప్పుకుపోయింది. ఆమె ఇంకేం అనలేదు. కొంగు బిగించుకుని చెట్టు మొదట్లో కూర్చుంది. ఆ రోజు చెప్పిన పాఠమంతటిలో మా ఎర్ర చెల్కలకు పనికొచ్చే మాట ఆ ఒక్క ప్రశ్నే. మా వైపు నేలలు చాలావరకు వానను నమ్ముకున్నవి. కొర్ర, సామ, పచ్చజొన్న, అనుములు, ఉలవలు ఎందుకు వేస్తారో ఆమెకు తెలుసు, మైకు ముందు కూర్చున్నాయనకు తెలియదు. తెలియజేసే దారి లేదు.

ఈ లోపం కనిపెట్టినవాళ్లు లేకపోలేదు. కెనడాలో 1941 నుంచే ఇరుగుపొరుగు రైతులు ఒక ఇంట్లో చేరి రేడియో విని, విన్నదాని మీద చర్చించి, తమ మాట రాసి పంపేవాళ్లు. ఆ పద్ధతినే 1956లో యునెస్కో సాయంతో ఆకాశవాణి పూనా చుట్టుపక్కల నూట యాభై దాకా ఊళ్లలో పరీక్షించింది. వినడానికి ఒక గుంపు, గుంపుకొక నాయకుడు, విన్నాక చర్చ, చర్చలో తేలని ప్రశ్నలు తిరిగి కేంద్రానికి. మంచి ఫలితం వచ్చిందని దేశమంతా విస్తరించారు. కొన్నేళ్లకు అది నీరసించిపోయింది. ప్రశ్నలు రాసి పంపమన్నారు సరే, రాయగలిగిందెవరు? మా వేపచెట్టు అవతల ఒక్కరు కూడా లేరు.

మాచనూరు వాళ్లు ఈ చిక్కును విప్పిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంబరంగా ఉంటుంది. స్టేషన్ 2008లో మొదలైందని చెప్పాను కదా. యునెస్కో తోడ్పాటుతో మాచనూరు మహిళలు రికార్డింగు మొదలుపెట్టింది 1998లో. నడుమ పదేళ్లు వాళ్లకు స్టూడియో ఉంది, గొంతులు ఉన్నాయి, కార్యక్రమాలు ఉన్నాయి, లైసెన్సు లేదు. 2002లో కమ్యూనిటీ రేడియో విధానం వచ్చినా విద్యాసంస్థలకే అన్నారు. 2004లో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం రేడియో మొదలైంది. పల్లె సంఘాలకు తలుపు తెరుచుకున్నది 2006 నవంబర్‌లో. ఆ పదేళ్లూ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రికార్డు చేసిన క్యాసెట్లు సంచిలో వేసుకుని సంఘం మీటింగులకు పట్టుకెళ్లారు. రాత్రి పనులయ్యాక ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని వినేవాళ్లు. టేపు ఆపి మాట్లాడొచ్చు, తప్పంటే తప్పనొచ్చు, ఆ మాటా రికార్డవుతుంది. రేడియో గాలిలోకి వెళ్లకముందు పదేళ్లు సభలోనే బతికింది.

సంఘాల వెనక ఉన్న పి.వి. సతీష్ గారు దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసి వచ్చిన మనిషి. మైసూరు నుంచి వచ్చి ఈ ఎర్రనేలకు అంకితమయ్యారు. 1983లో మిత్రులతో కలిసి సొసైటీని పెట్టారు. చిరుధాన్యాల కోసం జీవితమంతా పాటుబడి, చిరుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరమైన 2023లోనే, మార్చి 19న కన్నుమూశారు. వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్న సంఘం మహిళలు కెమెరా పెట్టే ఎత్తులకు పెట్టుకున్న పేర్లను ఆయన ఎక్కడికి పోయినా చెప్పేవారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్. నేలమీద కూర్చున్న మనిషిని తీయాలంటే తీసేవాళ్లూ నేలమీద కూర్చోవాలి. మైకుకూ అదే లెక్క అని నేను గ్రహించింది పాత పంటల జాతరలో.

సంక్రాంతి నాడు మొదలై నెల రోజులు నడిచే ఆ జాతర ఈ రేడియో ఇంటివాళ్లదే. పాతికేళ్లుగా నడుస్తోంది. ఎడ్ల కొమ్ములకు రంగులు, బండ్లకు మామిడాకులు, బండ్ల మీద విత్తనాల కుండలు, రోజుకొక ఊరు, చివరికి మాచనూరులో ముగింపు. టికెట్టు లేదు, పాసు లేదు. ఆకాశవాణి సంగీత సమ్మేళనం 1954 నుంచి ఆహ్వానితుల ముందు జరుగుతూ వచ్చింది. ఆ కచేరీల మీద నాకు గొప్ప గౌరవం, పాసు దొరికినప్పుడల్లా వెళ్లాను. జాతరకు పాసు అడిగేవాళ్లే లేరు. బండ్లు ఊరి మొదట్లోకి రాగానే డప్పులతో ఎదురొస్తారు, ఎడ్ల కాళ్లు కడుగుతారు, హారతి ఇస్తారు. వచ్చినవాళ్లందరికీ జొన్నరొట్టె, కొర్ర బువ్వ.

ఒక ఊళ్లో నేను చూసింది చెబుతాను. మధ్యాహ్నం తిండ్లు అయ్యాక చెట్టు కింద ఆడవాళ్లు గుంపుగా కూర్చున్నారు. రికార్డరు పట్టుకున్నామె వాళ్ల ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఒక ముసలామె నాట్ల నాటి పాట ఎత్తుకుని మూడో చరణం దగ్గర ఆగిపోయింది. పక్కనున్నామె అందుకుంది. వెనకనుంచి ఇంకొకామె “గట్ల గాదక్కా, మీ అత్తగారి ఊళ్లె గట్లంటరు, మా దిక్కు గిట్ల” అని తన చరణం పాడింది. ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. రికార్డరు పట్టుకున్నామె ఎవర్నీ ఆపలేదు. చెయ్యి మాత్రం పాడే నోటి ఎత్తుకు జరుపుతూ పోయింది, ఒక నోటి నుంచి ఇంకో నోటికి. తర్వాత ఒకాయన లేచి, సామలు దంచే ఓపిక తమ ఇంట్లో ఎవరికీ లేదని, మిషను లేకుండా పాత పంటలంటే ఎట్లా అని నిలదీశాడు. జాతర పెట్టినవాళ్ల ముఖం మీదే అడిగాడు. ఎవరూ నవ్వలేదు. వాదన సాయంత్రం దాకా నడిచింది, అదీ రికార్డయింది.

సభలెందుకన్న నా ప్రశ్నకు అక్కడే జవాబు ఉంది. వేపచెట్టు అవతలి పెద్దామె ప్రశ్న రేడియోకు వినపడాలంటే ముందు ఆమె చుట్టూ ఒక సభ ఉండాలి. ఆమె కూర్చున్నచోటికి మైకు రావాలి. రేడియో ఒక్కటే ఉంటే అది మా అల్మారాలోని సెట్టే. నేను ఇన్నాళ్లూ సభకు బదులు రేడియో అన్నాను. సభ లేని రేడియోకు చెప్పడానికి మిగిలేది బజారు ధరలు, బయటివాళ్ల పాఠాలు.

ఇప్పుడు ఈ అవసరం ఇంకా పెరిగింది. పల్లెలో ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. పాట కావాలంటే క్షణంలో వస్తుంది, ఎవరి చెవిలో వాళ్లకు. చరణం తప్పితే దిద్దే పక్కింటామె ఆ ఫోనులో ఉండదు. విత్తనం పేరు తెలుస్తుంది, పిడికెడు విత్తనం చేతిలో పోసే మనిషి ఉండదు. రేడియో వినేవాళ్లు తగ్గారు కాబట్టి చాలిద్దామనే మాటలు అక్కడక్కడా వినిపిస్తుంటాయి. తగ్గితే తగ్గనీ. రెండు గంటల ప్రసారాన్ని ఎంతమంది విన్నారన్న లెక్క పక్కనపెట్టి, దాని కోసం ఈ వారం ఎన్ని చెట్ల కింద కూర్చున్నారని అడగండి.

అందుకే జహీరాబాద్‌లో ఉచిత కార్యక్రమాలు తగ్గించమని నేను అడగను. ఇంకా పెట్టమంటాను. మున్సిపాలిటీ పెట్టినా, ఆకాశవాణి పెట్టినా, కుల సంఘం పెట్టినా సరే. పనులు లేని రోజు చూసి పెట్టండి, పల్లెలకు ఆఖరి బస్సు పోకముందే ముగించండి. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ నడవనివ్వండి, మన బజార్లో రోజూ నడుస్తున్నవే కదా. మొదటి గంట మైకు కిందే ఉండాలి, వచ్చినవాళ్ల చేతుల్లో. వాళ్లు అడిగింది రికార్డు చేయండి, జవాబు చెప్పాల్సినవాళ్లకు వినిపించండి, జవాబుతో మళ్లీ అదే ఊరికి వెళ్లండి. వేదిక ఉంటుందా, ఉండనివ్వండి. ఆ గంటసేపు వేదిక మీదివాళ్లు కిందికి దిగి వినాలి. ఇది ఒప్పుకునేవాళ్లు ఎవరైనా సరే, తేదీ చెప్పండి. కుర్చీలు సర్దడానికి నేనూ వస్తాను.