పడవల లెక్క

పేపరు మడతల్లో పెట్టి పంచే కరపత్రాల్లో ఈమధ్య బట్టల దుకాణాలకంటే టూర్ల వాళ్ళవే ఎక్కువ. ‘అండమాన్: 4 రాత్రులు, 5 పగళ్ళు’ అని పెద్దపెద్ద అక్షరాలు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. నేను ముందు షరతులే చదువుతాను. ఐదు పగళ్ళలో మొదటిది విమానం దిగి, సామాన్లు గదిలో పడేసి, ఏదో ఒకటి తినేసరికి అయిపోతుంది. చివరిది గది ఖాళీ చేసి విమానాశ్రయంలో కూర్చోవడానికి. మిగిలిన మూడింట్లో సగం పడవల రేవుల్లో, లైన్లలో, ఎండలో. ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చునేది ఒకటిన్నర రోజు. కట్టే డబ్బు మాత్రం ఐదు రోజులకు.

దీవులకు పోతామని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. సముద్రానికి టికెట్టు లేదు, ఇసుకకు అద్దె లేదు. మధ్యలో ఉన్న నీళ్ళు దాటడానికే డబ్బంతా పోతుంది. చవకగా వెళ్ళి రావాలనుకుంటే బేరం గది దగ్గరో భోజనం దగ్గరో మొదలుపెట్టి లాభం లేదు. ఎన్నిసార్లు పడవ ఎక్కుతున్నామో అక్కడ మొదలుపెట్టాలి.

బీదర్‌లో కూర్చున్నదానికి సముద్రం సంగతి ఏం తెలుసని అడగొచ్చు. సముద్రమట్టానికి రెండు వేల అడుగులపైన, ఎర్రమట్టి మీద ఉన్న ఊరు మాది. పిల్లలకు ఇంత నీరు చూపించాలంటే కారంజా డ్యామే గతి. అయినా సముద్రం దాటి వచ్చి, అయిన ఖర్చు రాసిపెట్టిన మనిషి ఒకడు ఈ ఊళ్ళో తిరిగాడు. అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు, త్వేర్ పట్టణం వాడు. 1470 ప్రాంతంలో, బహమనీల రాజధానిగా బీదర్ వెలిగిపోతున్న రోజుల్లో, ఒక గుర్రంతో సహా పడవెక్కి కొంకణ తీరంలో చౌల్ దగ్గర దిగాడు. గుర్రం అమ్మితే దారి ఖర్చులు పోను లాభం మిగులుతుందని ఆయన లెక్క. జున్నర్‌లో అక్కడి అధికారి గుర్రాన్ని లాక్కున్నాడు, ఎవరో పెద్దమనిషి అడ్డుపడి తిరిగి ఇప్పించాడు, చివరికి బీదర్‌లో అమ్ముడుపోయింది. దాని మీద తనకు ఎంతయిందో కూడా రాసుకున్నాడు. ‘మూడు సముద్రాల ఆవలి ప్రయాణం’ అనే ఆయన పుస్తకంలో గుళ్ళూ సుల్తానులూ ఎంత ఉంటారో, సరుకుల ధరలూ సుంకాల గోలా అంతే ఉంటుంది. మిరియాలూ రంగులూ చవకే గానీ తన దేశానికి పనికొచ్చే సరుకు లేదని, తోటి వర్తకులు తనను మోసం చేశారని ఏడుపు. పాపం, తిరుగుదారిలో ఇల్లు చేరకుండానే స్మోలెన్స్క్ దగ్గర పోయాడు. ప్రయాణం గురించి రాసేవాళ్ళు దృశ్యాలు రాస్తారు, ధరలు దాస్తారు. నికితిన్ దాచలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మా వీధిలో టూర్ల లెక్క అంటే నా గుమ్మం తొక్కుతారు. పోయిన నెల ఒకామె వచ్చింది, ఇద్దరు పిల్లలు, భర్తకు చిన్న ఉద్యోగం. “అక్కా, అండమాన్ పోదమనుకుంటున్నం. లక్షల అయితదా?” అంది. అవుతుంది అన్నాను, కాగితం తీశాను.

నేను లెక్క చివరి రోజు నుంచి రాస్తాను. పెళ్ళి ముహూర్తం నుంచి వెనక్కి పోతూ పనులు రాసుకుంటామే, అలాగన్నమాట. తిరుగు విమానం ముందు రాయాలి. దాని పైన, ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే బస అని రాయాలి. ఇది మార్చడానికి వీల్లేదు. గాలి మారితే పడవలు ఆపేస్తారు, ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. హావ్‌లాక్ దీవి నుంచి పొద్దున పడవలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కుదామనుకునే తెలివి అన్ని రోజులూ పారదు. పారని రోజున నలుగురి విమానం టికెట్లు నీళ్ళలో పోతాయి. రెండు వేలకు ఒక రాత్రి గది దానికంటే ఎంత చవకో చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత అంకెలు. మేమిద్దరం కూర్చుని వేసుకున్నవి ఇవి. ముందుగా కొంటే హైదరాబాద్ నుంచి రానూపోనూ మనిషికి 14,000 చొప్పున నలుగురికి 56,000. అంటే లక్షలో సగానికి పైన అక్కడే చెల్లు. ప్రైవేటు బోటు మనిషికి 1,500 అనుకుంటే, హావ్‌లాక్‌కు రానూపోనూ నలుగురికి 12,000. ఆరు రాత్రుల గది 12,000. ఏడు రోజుల తిండి 8,000. బీదర్ నుంచి శంషాబాద్ పోవడానికీ రావడానికీ 4,000. అక్కడ ఆటోలకూ స్కూటరుకూ 4,000. పిల్లలను నీళ్ళలోకి దించి పగడాలు చూపించడానికి 4,000. కూడితే సరిగ్గా లక్ష. ఆమె మొహం విప్పారింది.

“నీల్ ద్వీపం గూడ చూడొచ్చు గద అక్కా, దారిలనే ఉంటదంట” అంది వెంటనే.

దారిలోనే ఉంటుంది, కానీ దారికి డబ్బు పడుతుంది. రెండు పడవ ప్రయాణాలు మూడవుతాయి. నలుగురికి ఇంకో 6,000. కొత్త రేవు దగ్గర ఆటో, కొత్త గది, సగం పూట సామాన్లు సర్దుకోవడానికి. గది అద్దెలో రాత్రికి ఐదు వందలు తగ్గించడానికి ఆమె భర్త ఫోన్లో ఎంత సేపైనా బేరమాడతాడు, ఆరు రాత్రులకూ కలిపి మిగిలేది 3,000. ఒక దీవి మానేస్తే దానికి రెట్టింపు మిగులుతుంది, బేరం లేకుండానే. టూరు అంటే ఎక్కువ చోట్లు చూసి రావడమనే పిచ్చి మనకు తీర్థయాత్రల నుంచి వచ్చిందేమో. సముద్రం దగ్గర అది పనికిరాదు.

సర్కారు బోటు ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే రేవు నుంచి నడుస్తుంది. ప్రైవేటు బోటు గంటన్నరలో చేరేది ఇది రెండున్నర గంటల్లో చేరుతుంది, టికెట్టు చాలా తక్కువ. సీట్లలో దీవుల వాళ్ళకే ముందు వాటా, అది న్యాయమే, వాళ్ళకది మన ఊరి బస్సులాంటిది. దొరికితే ఎక్కాలి. దొరక్కపోతే ఏం చేస్తామో ముందే రాసిపెట్టుకోవాలి. పోయేటప్పుడు ప్రైవేటు, వచ్చేటప్పుడు సర్కారుది అని ఆమె కాగితంలో రాశాను. వచ్చేటప్పుడైతే తొందర లేదు, ఎలాగూ ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే.

ఎవరూ లెక్కలో వేయని ఖర్చు బీదర్ నుంచి శంషాబాద్ దాకా. విమానం చవకగా దొరికిందని తెల్లవారుజాము నాలుగున్నరది కొంటారు. దాన్ని అందుకోవాలంటే జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా అర్ధరాత్రి కారు మాట్లాడుకోవాలి. టికెట్టులో మిగిలింది డ్రైవరుకు పోతుంది. కాస్త ఎక్కువైనా పొద్దెక్కాక బయలుదేరే విమానం చూసుకుని, ముందు రోజు బస్సులో హైదరాబాద్ చేరి చుట్టాలింట్లో పడుకుని, తెల్లారి విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు ఎక్కితే నయం. హైదరాబాద్‌లో చుట్టాలు లేని బీదర్ తెలుగు ఇల్లు నాకైతే తెలియదు. మాకూ విమానాశ్రయం ఉందండోయ్. 2020లో బెంగళూరుకు మొదలైన సర్వీసు ఆగుతూ సాగుతూ వచ్చింది. దాని మీద ఆశ పెట్టుకుని దీవి ప్రయాణం వేయకండి.

ఎప్పుడు పోవాలన్నదానికి జవాబు చిన్నది. మే నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, అక్టోబరు నవంబరుల్లో ఇంకో వాన. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ధరలు ఆకాశంలో. ఫిబ్రవరి, మార్చి మంచివి. బడి పిల్లలుంటే పరీక్షలయ్యాక ఏప్రిల్. ఉక్కపోస్తుంది, కానీ సముద్రం నిమ్మళంగా ఉంటుంది, గదులు దిగి వస్తాయి.

గడియారం సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, దానిలో డబ్బుంది. బీదర్ ఉన్నది 77.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, పోర్ట్ బ్లెయిర్ 92.7 మీద. పదిహేను డిగ్రీల తేడా అంటే సూర్యుడికి గంట దారి. రెండు ఊళ్ళకూ గడియారం ఒకటే. కాబట్టి అక్కడ ఐదింటికే తెల్లవారుతుంది, చలికాలమైతే సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. మనవాళ్ళు మన అలవాటున ఎనిమిదికి లేచి, టిఫిను చేసి, పదింటికి స్కూటరు తీసుకుంటారు. రోజు అద్దె ఐదు వందలు కడతారు, సగం రోజు వెలుగే వాడుకుంటారు. హావ్‌లాక్‌లోనైతే తెల్లవారుజామునే కాలాపత్థర్ తీరం, పది లోపల స్నానం, ఎండలో నిద్ర, మూడింటికి రాధానగర్. అక్కడ పొద్దు గుంకడం చూడటానికి ఎవరూ పైసా అడగరు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దాన్నే. చీకటి పడ్డాక చేసేదేమీ ఉండదు, ఎనిమిదికల్లా పడుకోవాలి. ఖర్చు పెట్టడానికి సాయంత్రమే లేని ఊరు అది.

తిండి దగ్గర మా ఉత్తర కర్ణాటక వాళ్ళకు ఒక ఆయుధం ఉంది. కడక్ రొట్టె, అదే ఎండు జొన్న రొట్టె. అప్పడంలా విరుగుతుంది, వారాల తరబడి పాడుకాదు. దానితో పల్లీల పొడి, ఎల్లిపాయ కారం. శాకాహారులైన మా లింగాయతు స్నేహితులు ఒక డబ్బా కట్టుకుపోతే పొద్దుటి పూటల ఖర్చు ఎగిరిపోతుంది. చేపలు తినేవాళ్ళకు హావ్‌లాక్‌లో రేవు దాటాక బజారు దగ్గర చిన్న బెంగాలీ హోటళ్ళుంటాయి. అన్నం, పప్పు, చేప పులుసు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు ఇచ్చిన ఊళ్ళు కదా అవి, గోవిందనగర్, విజయనగర్, రాధానగర్ అని పేర్లు కూడా అలాగే ఉంటాయి. బీచ్ ఒడ్డున దీపాలు వేలాడదీసిన రెస్టారెంటులో ఒక్కరు తినే డబ్బుకు ఇక్కడ ఇంటిల్లిపాదీ తింటారు.

పొదుపు చేయకూడని చోటు ఒకటుంది. పగడాలు చూసే ఆ నాలుగు వేలు. ఎలిఫెంట్ బీచ్‌లో పిల్ల మొహానికి అద్దాలు పెట్టుకుని నీళ్ళలోకి తల వంచి, ఒక్క క్షణంలో చటుక్కున పైకి లేచి అరుస్తుంది చూడండి, ఆ అరుపు కోసమే కదా ఇంత దూరం. ఒడ్డున పడి ఉన్నా సరే పగడం ముక్క మాత్రం సంచిలో వేయకూడదు. నేరం, విమానాశ్రయంలో వెతుకుతారు.

భాష భయం వద్దని ఆమెకు చెప్పాను. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు చాలా. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చేపల దగ్గర నిలబడితే తెలుగే చెవిన పడుతుంది. అక్కడ ఒకామె నన్ను, “ఏ ఊరమ్మా మీది? మాట తేడాగా ఉంది” అంది. బీదర్, కర్ణాటక అన్నాను. “కర్ణాటకలో ఈ తెలుగేటి?” అని పక్కామెను పిలిచి నాతో మళ్ళీ మాట్లాడించింది. 1956 దాకా మేము హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నామని చెప్పబోయాను గానీ ఆమెకు చేపల బేరం వచ్చింది. ఆటో ఏ మలుపులో చవకో, ఏ హోటల్లో అన్నం వేడిగా ఉంటుందో ఆమె చెప్పినంత బాగా ఏ యాప్ చెప్పలేదు.

మరో చిన్న జాగ్రత్త. హావ్‌లాక్, నీల్‌లకు 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మారాయి. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. గదులు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

చివరి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఊరికే కూర్చోకండి. సెల్యులార్ జైలు ఉంది. 1906లో పూర్తయింది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్‌కే పంపారు. ఆ మనిషే తిరిగి వచ్చి తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. పిల్లలను ఒక జైలు గది ముందు నిలబెట్టి ఈ సంగతి చెప్పండి. టికెట్టు ఎంతో కాదు.

ఇక ఓడ. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉంది, చెన్నై, కోల్‌కతాల నుంచీ ఉన్నాయి. బంక్ క్లాసులో పోతే విమానం కంటే బాగా తక్కువ. అయితే పోవడానికే రెండున్నర మూడు రోజులు. ఓడ ఎప్పుడు కదులుతుందో ఎంతో ముందుగా చెప్పరు, చెప్పిన తేదీ కూడా జరగొచ్చు. సెలవు చీటీ రాసి పోయేవాళ్ళకు కుదిరే పని కాదు, సముద్రం పడని కడుపుకూ కాదు. మా వీధి చివర రిటైరైన దంపతులున్నారు, వాళ్ళకు ఏ చీటీ అక్కర్లేదు. బీదర్ నుంచి మచిలీపట్నం పోయే ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ దాకా, అక్కడి నుంచి విశాఖ, అక్కడ ఓడ. పోయేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం అని వాళ్ళకు రాసిచ్చాను. ఆయనకు రోగమల్లా ఒకటే, రెండువైపులా ఓడే కావాలంటాడు. ఆమె ఒప్పుకోవడం లేదు.