వణికిన వీడియోకి ఓ దండం

సాయంత్రం బేరాల వేళ మోండా మార్కెట్‌లో సెల్‌ఫోన్ పట్టుకుని కదలకుండా వీడియో తీయడం ఎవరి తరం? వెనక నుంచి తట్టలవాళ్ల కేకలు, పక్క నుంచి భుజాల తోపులాట. టమాటా రాశిలో గుచ్చిన అట్టముక్క మీది ధర ఏ ఫ్రేములో చూసినా ఆరో ఎనిమిదో తేలదు. పనితనం తెలిసినవాడికి మాత్రం ఆ వణుకే కావాలి.

కెమెరా సెన్సర్ లోకాన్ని గళ్లగళ్లుగా చూస్తుంది. ఒక గడిలో పడిందంతా కలిసిపోయి ఒకే రంగవుతుంది. చెయ్యి అర గడి జరిగితే అంకె అంచు ఇంకోచోట తెగుతుంది. అలా పదహారు ఫ్రేములుంటే పదహారు రకాల కోతలు. ఏ ఫ్రేము గడిలో ఎన్నో వంతు జరిగిందో లెక్కగట్టి, అన్నిటినీ ఇంకా సన్నని గళ్ల మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. రిజిస్ట్రేషన్ అనే ఈ లెక్కలోనే మొనగాడెవడో తేలిపోతుంది. కాస్త తప్పినా అంకెకు జంట నీడలొస్తాయి. అడ్డంగా నడిచిన మనిషినీ, ఊగుతున్న త్రాసునీ ఈ కలపడంలోంచి తప్పించాలి. కూర్పు కుదిరిందా, ఎనిమిది పొట్టలోని రెండు సున్నాలూ విడివిడిగా తెరుచుకుంటాయి. అదనంగా, పదహారు ఫ్రేముల సగటుతో నాయిస్, అంటే బొమ్మలోని చుక్కల గరుకు, నాలుగో వంతుకు దిగుతుంది.

1984లో సాయ్, హువాంగ్ అనే పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల కోసం ఈ దారి వేశారట. నన్ను కట్టిపడేసింది మాత్రం నాసావాళ్ల పని. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ పార్కులో బాంబు పేలింది. ఆ రాత్రి తీసిన మసక వీడియోను హాథవే, మేయర్ ఫ్రేము వెంట ఫ్రేము సర్ది తేటపరిచారు. ఒకాయన సూర్యుణ్ణి చదివేవాడు, ఇంకొకాయన వాతావరణాన్ని! 2018లో గూగుల్ పిక్సెల్ 3 ఇంజనీర్లది మరీ చోద్యం. ఫోన్ స్టాండు మీద కదలకుండా ఉంటే, లెన్సును వాళ్లే కావాలని కాస్త కదిలించారు!

ఇంత నిజాయితీ గల విద్య ఉండగా, ఒక్క ఫొటో తీసుకుని 'హెచ్‌డీ చేసిస్తాం' అనే ఏఐ యాప్‌లకు జనం ఎగబడుతుంటే ఒళ్లు మండుతుంది. వాటిలో చాలావరకు లేనిదాన్ని ఊహించి అతికిస్తాయి. 2020లో పల్స్ అనే ప్రోగ్రాం ఒబామా మసక ఫొటోను తెల్లవాడి మొహంగా మార్చి నవ్వులపాలైంది. ఉజ్జయిని మహంకాళి బోనాల పాత క్యాసెట్‌లో ఘటం వెనక నడిచే నాయనమ్మకు నున్నటి పరాయి చెంపలు తగిలిస్తే, అది ఆమె ఎలా అవుతుంది? ఆ క్యాసెట్‌లో సెకనుకు 25 ఫ్రేములున్నాయి కదా, వాటిని అడగరేం?

ఈ విద్య ఇంద్రజాలం కాదు, ఒప్పుకుంటాను. రెట్టింపు దాటితే లాభం చాలా తగ్గిపోతుంది. లెన్సే మసకదైతే, కంప్రెషన్ సన్నని గీతల్ని ముందే మింగేస్తే చేయగలిగింది కొంచెమే. అందుకే నా మొర: వీడియోను వాట్సాప్‌లో పంపి అసలుది చెరిపేయకండి. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాణ్ణి 'షార్ప్ చెయ్యకు బాబూ, ఉన్నదున్నట్టు ఇవ్వు' అని అడగండి. ఫైలు పెద్దదైందని విసుక్కుంటే, ఇంకో హార్డ్‌డిస్క్ కొనివ్వండి.