డండస్ అక్విడక్టు మీద తెడ్డు

నిలబడి తెడ్డు వేసే బోర్డును చాలామంది సముద్రపు ఆట కిందే జమకడతారు. దాని అసలు రుచి కాలువ మీదే తెలుస్తుందని నా గట్టి నమ్మకం. నైరుతి ఇంగ్లండులో కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ ఉంది. అందులో బాత్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దాకా సుమారు తొమ్మిది మైళ్లు ఒక్క లాకూ అడ్డురాదు. కోనసీమ కాలువగట్ల మీద పెరిగినవాళ్లకు లాకు సంగతి చెప్పక్కర్లేదు; మిగతావాళ్లకు, పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి ఎత్తి దించే తలుపుల అర అది. లాకు లేదంటే నీళ్లన్నీ ఒకే మట్టం. ప్రవాహం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది.

అలాంటి నీళ్ల మీద నిలబడడం నేర్చుకోవడమే ఒక సౌందర్యం. ముందు మోకాళ్ల మీద ఉండి నాలుగైదు సార్లు తెడ్డు వేయాలి. తర్వాత బోర్డు నడిమధ్య పిడికి చెరోవైపు ఒక్కో పాదం ఆనించి లేవాలి. కిందికి చూశారా, బోర్డు వణుకుతుంది. చూపు దూరంగా వంతెన కమాను మీద నిలిపితే ఆ వణుకు దానంతటదే సద్దుమణుగుతుంది. కూచిపూడి తరంగంలో పళ్లెం అంచు మీద నిలిచిన నర్తకి పాదాలను చూసుకోదు. ఇక్కడా అంతే: పాదాలు తమ పని తాము చూసుకుంటాయి, మోకాళ్లు కాస్త వదులుగా ఉంటే చాలు.

తెడ్డు సంగతి ఇంకా ముచ్చటైనది. ఆకు వంపు ముందువైపుకు ఉండాలి. కొత్తవాళ్లు తరచుగా తిప్పి పట్టుకుంటారు. చేయి చాచి, ఆకు పూర్తిగా మునిగేలా దింపి, పాదం దగ్గరకు రాగానే పైకి తీసేయాలి. ఇంకా వెనక్కి లాగితే బోర్డు ముక్కు పక్కకు తిరుగుతుంది. సముద్రంలో ఆ కదలిక అలదో, గాలిదో, మనదో తేలదు. కాలువలో దాచడానికేమీ ఉండదు. తెడ్డు చక్కగా పడిందా, బోర్డు తిన్నగా జారుతుంది. ఆకు లేచిన చోట చిన్న సుడి ఒకటి పుట్టి వెనక్కి పోతుంది. అంచు నుంచి రాలే చుక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. ఒడ్డున నారాయణ పక్షి, మన కొల్లేటిలో కనిపించేదే, మెడ ముడుచుకుని నిలబడి ఉంటుంది.

ఈ దారిలోనే డండస్ అక్విడక్టు, అంటే కాలువను మోసే వంతెన. ఇంజనీరు జాన్ రెన్నీ రూపకల్పన. 1805లో పూర్తయింది. తేనెరంగు బాత్ రాయితో కట్టిన మూడు కమానులు. కింద ఏవన్ నది, దాని పక్కన రైలు పట్టాలు, వాటన్నిటి మీదుగా కాలువ. పడవలో కూర్చున్నవాడి చూపుకు పక్కనున్న రాతిగట్టు అడ్డం. నిలబడ్డవాడి చూపు మాత్రం గట్టు దాటి లోయలోని చెట్ల తలల మీదకు పోతుంది. నీళ్ల మీద నిలబడి కింద పారే నదిని తలుచుకోవడం ఒళ్లు పులకరించే అనుభవం. దగ్గర్లోనే క్లావర్టన్ పంపుహౌసు ఉంది. 1813 నాటి ఆ యంత్రంలో, నది తిప్పే చక్రమే నది నీళ్లను సుమారు 48 అడుగులు పైకెత్తి కాలువలో పోస్తుంది. ఇంతటి కాలువ రైళ్లొచ్చాక పాడుబడింది. దశాబ్దాల పాటు స్వచ్ఛంద కార్యకర్తలు బురద తీసి, లాకులు బాగుచేశాక 1990లో తిరిగి తెరుచుకుంది. వాళ్ల పుణ్యమే ఈ నీళ్లు.

ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు ఈ ఆట మొదలుపెడితే ఇలాంటి చోటే మొదలుపెట్టండి. కెనాల్ అండ్ రివర్ ట్రస్టు నిర్వహించే కాలువల్లో బోర్డుకూ లైసెన్సు కావాలి. తెడ్డు ఆటల సంఘమైన పాడిల్ యూకే సభ్యత్వంతో అది కలిసి వస్తుంది. తేలించే జాకెట్ వేసుకోండి. ఎదురుగా నేరోబోటు (కాలువల్లో తిరిగే సన్నని పొడవాటి పడవ) వస్తే కుడిపక్కకు జరగండి. అక్విడక్టు మీద గాలి వీస్తుంటే మోకాళ్ల మీదకు దిగండి, చూడాల్సింది అలా కూడా చాలానే ఉంది. ఇంటికెళ్లే ముందు బోర్డు కడిగి ఆరబెట్టండి. ఈ కాలువ నాచు మరో కాలువలోకి పాకకూడదు.