ఉలి పక్కన పెన్సిలు

నంద్యాలలో పల్లెవెలుగు బస్సెక్కి ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే, సిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా నల్లమల మనతోనే వస్తుంది. దారిలో బొమ్మలు గీసే అలవాటు నాకు ఆ కొండల వల్లే అబ్బింది. బస్సు కుదుపుకు గీత వంకర పోతుంది. కొండ కూడా వంకరే కాబట్టి నష్టం లేదు.

"యాడ నుంచి వచ్చినారు? దేనికి గీస్తాండారు?" అని పక్క సీటాయన అడుగుతాడు. ఫోనెత్తి ఫొటో తీసేవాణ్ణి ఎవరూ ఇలా అడగరు. ఫొటో క్షణంలో అయిపోతుంది, మాట కలపడానికి సందుండదు. బొమ్మకు అరగంటన్నా పడుతుంది. ఆ అరగంటలో ఊరు, పంట, పిల్లల చదువు, అల్లుడి ఉద్యోగం అన్నీ బయటికొస్తాయి. (కులం కూడా అడుగుతారు, దాచడమెందుకు.)

మహానంది కోనేటి గట్టున అరటిపళ్లమ్మే ఒకావిడ నా పుస్తకంలోకి తొంగిచూసి, "నీళ్లు యాడుండాయి నాయనా, అన్నీ రాళ్లే గీస్తివే!" అంది. అంత తేట నీటిని గీయడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. అడుగు బండల అంచులు కాస్త చెదిరినట్టు గీస్తే నీళ్లు కనబడతాయి. ఆ మాటే చెప్పాను. ఆవిడకు నచ్చలేదు గానీ రెండు పళ్లు మాత్రం చేతిలో పెట్టింది.

ఆళ్లగడ్డ సంగతి వేరు. అక్కడి రాతి చెక్కడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, షెడ్లలో నందులు, అమ్మవార్లు, నాయకుల విగ్రహాలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒక షెడ్డు ముందు నేను పుస్తకం తెరిస్తే, పెద్దాయన ఒకరు ఏమీ అడక్కుండా కూర్చోవడానికి ఓ రాతి ముక్క ముందుకు తోశారు. కొత్త బండ మీద సుత్తితో తట్టి చెవి పెట్టారు. గంటలా మోగితే పనికొస్తుంది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టేనట.

ఆయన చెక్కుతున్నది నరసింహస్వామిని. నల్లమలలో పులులున్నాయి, చిరుతలున్నాయి, సింహం మాత్రం లేదు. "సింహాన్ని ఎప్పుడన్నా చూసినారా ఆచారి గారూ?" అన్నాను.

"జూలో కూడా చూడలే. భవనాశిని చూసినా."

ఎగువ అహోబిలంలో వానలప్పుడు భవనాశి ఏరు బండలకు కొట్టుకుని సుళ్లు తిరుగుతుంది. స్వామి జూలు ఆ సుళ్లేనట. ఎర్రసుద్దతో చుట్ట గీశారు, మొన ఉలితో నడిమధ్య లోతు చేశారు, ఆ లోతు నుంచి అంచుకు గాడి తీసుకుంటూ వచ్చారు. ఏట్లో సుడి బయటి నుంచి లోపలికి పోతుంది, రాతిలో లోపలి నుంచి బయటికి వచ్చింది. నాకు బొమ్మల పుస్తకాలేవీ ఇంత చెప్పలేదు. ఇప్పుడు అహోబిలం వెళ్లినప్పుడల్లా ఏటి సుళ్లు గీసి ఆయనకు తెచ్చిస్తాను. పంచాంగంలో దాచుకుంటారు.

సంక్రాంతి తర్వాత అహోబిలం నరసింహస్వామి పారువేటకు, అంటే వేట ఊరేగింపుకు, బయల్దేరి, 40 రోజులకు పైగా 30కి మించిన ఊళ్లు తిరిగి, తన బ్రహ్మోత్సవాలకు జనాన్ని తానే పిలుచుకుంటాడు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. దేవుడే ఊరూరా తిరిగి పిలిచే సీమలో పరాయి మనిషిని కూర్చోమనడం వింతేమీ కాదు.

ఆళ్లగడ్డ షెడ్లలోకి ఇప్పుడు కరెంటు కట్టర్లు వచ్చాయి. వద్దనడానికి మనమెవరం, భుజాలు పడిపోయే పని అది. కానీ రాతిపొడి ఊపిరితిత్తులను తినేస్తుంది, చాలామంది ముక్కుకు తువ్వాలు చుట్టుకుని సరిపెట్టుకుంటున్నారు. అహోబిలం వెళ్లేవాళ్లు ఆళ్లగడ్డలో ఓ గంట ఆగండి. పుస్తకమూ పెన్సిలూ ఉంటే తీయండి, లేకపోతే ఊరికే చూడండి. పోతూ పోతూ మంచి మాస్కుల పెట్టె ఒకటి పట్టుకెళ్లండి. విగ్రహం కొంటే మాత్రం బేరమాడకండి.